సరళీకరణము - నేతవాని మజూరీ
(సంఘాధ్యయన పాఠము)



నేతవారు ఇద్దరు కలిసికొన్నచోట నూలు ధరను గూర్చిన మాట రాకపోదు. "ఎక్కడనో పత్తి ధర పెరిగెనట, మన చిలప ధర ఎక్కినది" అని ఒకరు, "చీర ధర మాత్రము ఎక్కలేదు" అని మరియొకరు చెప్పుకొందురు. మనము కన్నెత్తి చూడని దూరదేశపు బజారునకును, మన యింటి గుంటమగ్గమునకును ముడి ఎప్పుడు పడినది? ఆ ముడివలన ఎవరు బాగుపడిరి? ఎవరు నలిగిరి? ఈ పాఠమున దీనిని వరుసగా తెలిసికొందము.

షోలాపూరు, భీవండి, బెంగుళూరు, సేలము, కంచి, బరంపురము, యానాము మొదలగుచోట్ల తరతరములుగా స్థిరపడియున్న మనవారి పరిస్థితులు ఒకటి కావు. కొందరు చేమగ్గమును విడువలేదు, కొందరు మరమగ్గములకు మారిరి, కొందరు నేతయే మానిరి. అయినను అందరి కథకు మూలము ఒకటే గనుక అందరును కలిసి చదువదగిన పాఠమిది.

1. మాట యొక్క అర్థము

సరళీకరణమనగా వ్యాపారమునకు ప్రభుత్వము పెట్టియున్న కట్టుబాట్లను సడలించుట. ఫలానా గుడ్డ ఫలానావారే నేయవలెను, ఇంత నూలు దేశములోనే అమ్మవలెను, విదేశపు సరుకుపై ఇంత సుంకము కట్టవలెను అనునవి కట్టుబాట్లు. వాటిని తగ్గించినచో సరుకు ఎక్కడ చవుకయో అక్కడ నుండి కొనవచ్చును, ఎక్కడ ధర పలుకునో అక్కడ అమ్మవచ్చును. మాట వినుటకు అందరికిని సమానముగనే యున్నది. కాని తన సరుకును ఆరునెలలు గిడ్డంగిలో నిలువయుంచగల మిల్లుయజమానికిని, వారము గడిచిన బియ్యమునకు వెదకుకొను నేతవానికిని ఆ స్వేచ్ఛ ఒకే విధముగా పనిచేయదు. ఈ పాఠమునకు సారమంతయు ఈ భేదములోనే యున్నది.

2. కట్టుబాట్ల కాలము

స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో నూలు దొరకక, దొరికిన నూలుతో నేసిన గుడ్డ అమ్ముడుపోక చేనేత చాల ఇబ్బందులు పడినది. అప్పుడు ప్రభుత్వము రెండు పనులు చేసినది. 1952 చివర మిల్లులు నేయు ధోవతులను అంతకు ముందరి నేతలో 60 శాతమునకు పరిమితము చేసినది. 1953 లో మిల్లుగుడ్డపై గజమునకు మూడు పైసల చొప్పున అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖాదీ, చేనేతల అభివృద్ధికి వినియోగించినది. ఇవి పాతకాలపు పైసలు. మూడు పైసలు ఒక కానీకి సమానము. మన సహకార సంఘములు అనేకము ఆ దశకమున లేచి నిలిచినవే. ప్రగడ కోటయ్యగారు వంటి నాయకులు చీరాల నుండి ఢిల్లీ వరకు ఈ విషయములపై పోరాడిరి.

ఈ కాలమున లోపములు లేకపోలేదు. సంఘములలో బినామీలు చేరిరి, గుడ్డలు నిలువలు పడినవి, రిబేటు సొమ్ము సకాలమున రాలేదు. అయినను ప్రభుత్వ విధానమునకు మూలసూత్రము ఒకటి యుండెను: గుడ్డ ఎంత తయారైనదను దానితోబాటు, ఎందరికి పని దొరికినదనునది కూడ లెక్కకు రావలెనని.

3. విధానము మారిన తీరు

చాలమంది ఈ మార్పు 1991 లో ఒక్కసారిగా వచ్చినదనుకొందురు. నేతవారికి అది ఆరేండ్లు ముందుగనే వచ్చినది. 1985 జూనులో ప్రకటించిన జౌళి విధానమున, సరసమైన ధరకు తగిన గుడ్డను ఎక్కువగా ఉత్పత్తి చేయుటయే ప్రధాన లక్ష్యమైనది. మిల్లు, మరమగ్గము, చేమగ్గము మూడును తమతమ బలములనుబట్టి నిలువవలెనని భావించిరి. మూడింటి బలము సమానము కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

1991 జూలై మొదటివారమున రూపాయి విలువను రెండుమార్లు తగ్గించిరి. దిగుమతులపై ఆంక్షలు, పరిశ్రమలపై లైసెన్సులు వరుసగా సడలినవి. పేదలకొరకు మన మగ్గములపై నేయించిన జనతా వస్త్రముల పథకము 1990 దశకములో క్రమముగా ఎత్తివేయబడినది. ఆ ముతక చీర, ధోవతి నేతలో మజూరీ స్వల్పమే. కాని గొప్ప పనితనము లేనివానికి, ముసలివానికి, కొత్తగా మగ్గమెక్కినవానికి ఏడాది పొడవున పని దొరికెడిది. పథకము పోయినపుడు ముందుగా పని పోయినది వారికే. 2001 ఏప్రిల్ 1 నాటికి దిగుమతుల పరిమాణముపై ఆంక్షలు తొలగినవి. 2005 జనవరి 1 నుండి ప్రపంచ జౌళి వ్యాపారములోని కోటాలు రద్దయినవి.

4. మొదటి ద్వారము: నూలు

నేతవాని యింటికి బజారు ముందుగా ప్రవేశించునది నూలు ద్వారముననే. పిల్లలు కూడ ఈ పాఠము చదువుదురు గనుక నూలు నంబరును గూర్చి ఒక మాట. 840 గజముల పొడవుగల చిలపలు ఒక పౌను బరువునకు ఎన్ని తూగునో అది ఆ నూలు నంబరు. 40 నంబరు అనగా పౌనునకు 40 చిలపలు, మొత్తము 33,600 గజములు. నంబరు పెరిగినకొలది నూలు సన్నమగును.

మిల్లునకు నూలును కోనులపై చుట్టుట తేలిక. మరమగ్గమునకు కోను కావలెను. మనకు చిలప కావలెను. చిలపయైననే రంగు అద్దుటకు, గంజి పట్టించుటకు వీలు. చిలపలుగా తీయుటకు మిల్లునకు అదనపు శ్రమ, ఖర్చు గనుక చట్టము లేనిదే అది తగినంత తీయదు. అందుచేతనే దేశములో అమ్ముటకు కట్టు నూలులో సగము చిలపలుగా ఉండవలెనని నిబంధన యుండెను. దానిని 2003 లో 40 శాతమునకు, 2019 లో 30 శాతమునకు తగ్గించిరి. చిలపనూలుకు అంత గిరాకి లేదనునది చెప్పిన కారణము. గిరాకి తగ్గినమాట నిజమే. మగ్గములు తగ్గినవి గనుక తగ్గినది. మరి కోనునూలుపై సుంకముండి చిలపనూలుపై లేని సంవత్సరములలో, మన పేర కట్టిన చిలపలు దారిమళ్ళి తిరిగి కోనులై మరమగ్గములకు చేరినమాట కూడ నిజమే. కాగితముపై మన వాటా ఉండెను. బుట్టలోనికి వచ్చినది వేరు.

పత్తి, నూలు ఎగుమతులు పెరిగినకొలది మన చిలపధర ప్రపంచ ధరతో ముడిపడినది. 1991 లో నూలు ధరలు మండిపోయినపుడు చీరాల ప్రాంతమున, ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతపల్లెలలో ఆకలిచావులు సంభవించినట్లు పత్రికలు వ్రాసినవి. 2011 మార్చిలో ప్రపంచ బజారున పత్తి ధర పౌనునకు రెండు డాలర్లు దాటినది. 2022 మే నెలలో మన దేశములో 356 కిలోల కండీ పత్తి లక్ష రూపాయలు దాటినది. ఆ ఏడాది పత్తి దిగుమతిపై 11 శాతము సుంకమును ప్రభుత్వము కొన్ని నెలలు మాఫీ చేయవలసివచ్చినది. అనగా ముప్పది ఏండ్లలో ఒకే దెబ్బ మూడుమార్లు తగిలినది.

5. లెక్క వేసి చూతము

నూలు ధర నాలుగవ వంతు పెరిగిన మజూరీ ఎంత తగ్గును? ఈ క్రింది అంకెలు ఉదాహరణకు ఊహించినవి; మీ యింటి అంకెలు వేసికొని చూడుడు.

ఒక నూలు చీరకు నూలు 400 రూపాయలు, రంగు మొదలగునవి 100, మజూరీ 500, షావుకారి ఖర్చు, లాభము 200. మొత్తము 1,200. నూలు నాలుగవ వంతు పెరిగినది. 400 ఉన్నది 500 అయినది. చీర ధర 1,300 కావలెను. కాని ప్రక్క దుకాణమున అదే అంచు, అదే గడి అచ్చొత్తిన పాలిస్టరు చీర పాత ధరకే దొరకుచున్నది. పత్తి ధరతో దానికి పెద్దగా పనిలేదు. కొనునామె 1,300 ఇయ్యదు. షావుకారు తన 200 తగ్గించుకొనడు. అతనికి వడ్డీ యున్నది. రంగులవాడు తగ్గించడు. ఇక తగ్గించుటకు మిగిలినది మజూరీ యొక్కటే. 500 ఉన్నది 400 అయినది. అనగా ఐదవ వంతు పోయినది.

ఆ మజూరీ ఒక్కరిది కాదు. మగ్గముపై ఒకరు మూడు రోజులు నేసిన, కండెలు చుట్టి, ఆసు పోసి, అచ్చు అతికి మరియొకరు ఆ మూడు రోజులును పనిచేసిరి. ఆరు దినముల శ్రమకు 500 అయిన దినమునకు సుమారు 83 రూపాయలు. 400 అయిన సుమారు 67. నూలు దొరకక మగ్గము ఐదు రోజులు ఊరక నిలిచినచో ఆ ఐదు రోజుల తిండికి ఎవరును ఇయ్యరు.

మరి నూలు ధర తిరిగి దిగినపుడు మజూరీ తిరిగి ఎక్కవలెను గదా? అట్లు జరుగుట అరుదు. మగ్గము ఆగిన దినములలో యిల్లు గడువుటకు షావుకారి వద్ద బాకీ చేసితిమి. బాకీయున్నవాడు మజూరీ బేరమాడలేడు, వేరొకరికి నేయలేడు. కనుక ధర ఎక్కినపుడు నష్టము మన వాటా. దిగినపుడు లాభము వేరొకరి వాటా. వేచియుండలేనివానికి తెరచిన బజారు చేయు కీడు ఇదే. ఇది ఎవరో ఒక్కరి దుర్మార్గము వలన జరుగునది కాదు, లెక్కలోనే యున్నది.

2017 జూలై 1 నుండి వచ్చిన జి.ఎస్.టి.ని కూడ ఈ లెక్కలో చేర్చవలెను. నూలుగుడ్డకును, నూలుకును 5 శాతము పన్ను. రిజిస్టరు చేసికొనని చిన్న నేతవాడు నూలుపై కట్టిన పన్నును తిరిగి రాబట్టుకొనలేడు. పెద్ద వ్యాపారి రాబట్టుకొనును.

6. రెండవ ద్వారము: మనకు ప్రత్యేకించిన గుడ్డలు

1985 లోనే చేనేతకు మేలుచేయు చట్టమొకటి కూడ వచ్చినది. కొన్ని రకముల గుడ్డలను చేమగ్గముపైననే నేయవలెనని శాసించి, 22 రకములను ప్రత్యేకించిరి. మరమగ్గపు యజమానులు కోర్టులకెక్కిరి. స్టేలవలన చట్టము చాలకాలము కాగితముపైననే యుండెను. 1993 లో సుప్రీము కోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. తీర్పు మనకు అనుకూలమైనను, 1996 లో ఆ 22 రకములు 11 కు తగ్గినవి.

ఆ 11 యందైనను ప్రత్యేక అంచు, నేతతో కూడిన చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా వంటివి కలవు. మన చీరను మరమగ్గముపై నేసి "చేనేత" యని అమ్మినవానిపై ఫిర్యాదు చేయు హక్కు మనకు నేటికిని కలదు. కాని ఫిర్యాదు చేయువారు ఎందరు? సంతలో నకిలీ చీరను చూచి నిట్టూర్చి యింటికి వచ్చెదమే తప్ప, దాని ముక్కను, బిల్లును జతపరచి అధికారులకు వ్రాయువారము కాము.

7. మూడవ ద్వారము: పట్టు - ఒకరి లాభము, మరియొకరి నష్టము

సరళీకరణమువలన నేతవానికి అన్నివిధముల నష్టమే యని చెప్పిన అది సత్యము కాదు. పట్టు సంగతి చూడుడు. కంచి, బెంగుళూరు, బరంపురములలో పట్టు నేయువారికి చైనా ముడిపట్టు చవుకగా, ఏకరీతిగా దొరకినది. 2011 లో ముడిపట్టుపై దిగుమతి సుంకమును 30 శాతము నుండి 5 శాతమునకు తగ్గించినపుడు నేతవారిలో పలువురు సంతోషించిరి. కాని రామనగరము గూళ్ళ బజారునకు పట్టుగూళ్ళు తెచ్చు కర్ణాటక రైతు, మల్బరీ తోటలో ఆకుకోయు కూలియామె కష్టములో పడిరి. 2013 లో సుంకమును తిరిగి 15 శాతమునకు పెంచిరి. ఇప్పుడు రైతు ఊపిరి పీల్చుకొనెను. నేతవాడు నూలు బిల్లు చూచి గుండె పట్టుకొనెను.

దీనినిబట్టి నేర్వవలసినదేమన, ఇద్దరు బలహీనులను ఒకరి మీదికి ఒకరిని తోలుట ఈ విధానమున తేలిక. మన సంఘము సుంకము తగ్గింపుమని అడుగునపుడు, రైతునకు మద్దతు ధరను కూడ అడుగుట న్యాయము. రైతుసంఘముతో కలిసి అడిగిన బలము కూడ ఎక్కువ.

8. మగ్గము మారినంతమాత్రమున బాధ తీరలేదు

"చేమగ్గము మాని మరమగ్గము పెట్టుకొన్నవారు బాగుపడిరి" అని చాలమంది తలంతురు. షోలాపూరు మనకు మంచి పాఠము. తెలంగాణ పల్లెలనుండి పద్మశాలీలు మిల్లుపనికై అచ్చటికి వలసపోయి, కాలక్రమమున మరమగ్గములపై దుప్పట్లు, తువ్వాళ్ళు నేసి ఊరికి పేరు తెచ్చిరి. కాని మిల్లులు మూతపడినవి. మరమగ్గములపై పనిచేయువారిలో అధికులు యజమానులు కారు. ఎత్తిన మీటరుకింతయని కూలి తీసికొనువారు. వారి యిండ్లలోని స్త్రీలు వేలకొలది బీడీలు చుట్టి సంసారము నెట్టుచున్నారు. పురుషుని నేతకూలి చాలియుండిన ఆ పొగాకు దుమ్ము ఆ తల్లుల ఊపిరితిత్తులలోనికి పోవలసిన అగత్యము ఉండెడిది కాదు. తెలంగాణములోని సిరిసిల్లయందు కూడ 2001 మొదలుకొని మరమగ్గపు నేతవారి ఆత్మహత్యలు వార్తలకెక్కినవి.

కనుక మరమగ్గముపై నిలిచిన మన సోదరుడు మనకు శత్రువు కాడు. అతడును అదే బజారున మజూరీ బేరమాడలేని మనిషి. మన ఫిర్యాదు నకిలీ సరుకుపైన గాని, ఆ కూలివానిపైన కాదు.

అదే షోలాపూరులో ఒక ఆశాజనకమైన సంగతియు కలదు. బీడీ పనివారగు స్త్రీలు సహకార పద్ధతిని కూడి, కుంభారి యొద్ద పదివేల యిండ్ల కాలనీని సాధించుకొనిరి. 2006 లో ఆ యిండ్లు వారి చేతికి వచ్చినవి. దినకూలితో బ్రతుకువారు ఒంటరిగా ఒక గదిని కట్టుకొనలేరు. కలిసి ఒక ఊరినే కట్టుకొనిరి.

9. లెక్కలు చెప్పుచున్నదేమి

1995-96 చేనేత గణనలో నేతవారు, అనుబంధ పనివారు కలిసి సుమారు 65 లక్షలు. 2009-10 లో సుమారు 43 లక్షలు. 2019-20 లో సుమారు 35 లక్షలు. ఈ చివరి గణన ప్రకారము నేతవారు, అనుబంధ పనివారు కలిసినవారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఈ సంఖ్యలో ఇంటివాడుకకు నేసికొను ఈశాన్య రాష్ట్రముల స్త్రీల భాగము పెద్దది. మన ప్రాంతములలో స్త్రీలు కండెలు చుట్టుట, ఆసుపోయుట వంటి పనులలో అధికముగా కనబడుదురు. ఆ పనికి విడిగా మజూరీ వ్రాయు అలవాటు మనకు లేదు. నేత కుటుంబములలో మూడింట రెండు వంతుల రాబడి నెలకు 5,000 రూపాయలకు లోపుగనే యున్నదని అదే గణన తెలిపినది.

అయితే ఇదే కాలమున బాగుపడినవారు లేరా? ఉన్నారు. ఎగుమతి ఆర్డరులు పట్టినవారు, పట్టణపు దుకాణములతో నేరుగా సంబంధము కలిగినవారు, ఇప్పుడు ఫోను ద్వారానే చీరలు అమ్ముచున్నవారు పైకి వచ్చిరి. వారందరికి ఒక సామ్యము కలదు: నూలు నిలువ చేసికొనుటకు పెట్టుబడియో, కొనువారితో నేరుగా మాటాడుటకు దారియో వారి చేతిలో నుండెను. ఈ రెండింటిలో ఒకటియు లేనివారికి మాత్రము బజారు విశాలమైనకొలది బేరమాడు శక్తి తగ్గినది. 2020 జూలైలో అఖిలభారత చేనేత బోర్డును రద్దుచేసిన తరువాత, కేంద్రమునందు మన మాట చెప్పుకొను వేదిక కూడ ఒకటి తగ్గినది.

10. మనము చేయవలసినవి

బజారు తలుపులను తిరిగి మూయుట మన చేతిలో లేదు. కాని వేచియుండు శక్తిని, అడుగు శక్తిని మనము కొంత సంపాదించుకొనవచ్చును.

మొదటిది, నూలు పాసుపుస్తకము. 2021-22 నుండి 2025-26 వరకు ఆమోదింపబడిన ముడిసరుకు సరఫరా పథకమున చిలపనూలు ధరలో 15 శాతము రాయితీ ఏర్పరచిరి. పాసుపుస్తకము షావుకారి పెట్టెలో నున్నచో రాయితీ అతనికే చేరును. ఎవరి పుస్తకము వారి యింటనే యుండవలెను. తరువాతి నిబంధనలను దగ్గరి వీవర్స్ సర్వీస్ సెంటరున సంఘకార్యదర్శి అడిగి, నోటీసు బోర్డున వ్రాయవలెను.

రెండవది, గుర్తు. చేనేత గుర్తు 2006 లో ఏర్పడినది. బరంపురము పట్టు, కంచి పట్టు, షోలాపూరు దుప్పటి వంటివానికి భౌగోళిక గుర్తింపు కలదు. కాని ఊరికి గుర్తింపు వచ్చినంతమాత్రమున నేతవానికి హక్కు రాదు. అధికృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. ఈ పని సంఘము పూనుకొని సభ్యులందరికి ఒక్కసారిగా చేయించుట మేలు.

మూడవది, సమష్టి నూలు నిలువ. పదిమంది కలిసి రెండు నెలలకు సరిపడు నూలు నిలువచేసికొనగలిగిన, ధర ఎక్కిన తొలిదినముననే మగ్గము ఆగదు. 5 వ భాగములోని లెక్కలో మన నష్టమునకు మొదలు ఆ ఆగిన దినములే.

నాలుగవది, స్త్రీల పేరు. కండెలు చుట్టు అక్క పేరున కూడ గుర్తింపుకార్డు, సంఘ సభ్యత్వము ఉండవలెను. మజూరీ పద్దులో ఆమె పనికి ఒక వరుస వ్రాయవలెను. వ్రాయని శ్రమకు ఏ ప్రభుత్వమును, ఏ షావుకారును ధర కట్టడు.

11. సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

ఒకటి: గత మూడు నెలలలో మీ యింట నూలు ధర ఎంత మారినది? మజూరీ ఎంత మారినది? రెండును ఒకే దిక్కునకు మారినవా?

రెండు: నూలు లేక, ఆర్డరు లేక మీ మగ్గము ఎన్ని దినములు ఆగినది? ఆ దినములలో యిల్లు ఎట్లు గడిచినది?

మూడు: మీ ఊరి చీరకు నకిలీ ఎక్కడ అమ్ముచున్నారు? దాని బిల్లు తేగలరా?

నాలుగు: పట్టు సుంకము విషయమున నేతవానికి, రైతునకు ఇద్దరికిని నష్టము లేని కోరిక ఏదైనను కోరవచ్చునా?

ఈ ప్రశ్నలకు జవాబులు పుస్తకములలో లేవు. మన యిండ్లలోనే యున్నవి. ప్రతి యింటివారును ఒక చిన్న నోటుపుస్తకమున మూడు నెలలు నూలు ధర, మజూరీ, ఆగిన దినములు, బాకీ ఈ నాలుగింటిని వ్రాసి, రాబోవు సమావేశమునకు తీసికొని రావలెను. చదువు రాని పెద్దలకు పిల్లలు వ్రాసిపెట్టవలెను. నలువది యిండ్ల పద్దులు ఒకచోట చేరిన, అధికారుల ముందు "కష్టముగా నున్నది" అని చెప్పనక్కరలేదు. కష్టమెంతయో అంకెలతో చూపవచ్చును.